మాటకారులకేనా పెద్దపీట?

రాక్ సంగీతంలో ఎవరు గొప్ప, ఎవరు కాదు అని యాభై ఏళ్లు తీర్పులు చెప్పిన మనిషి యాన్ వెన్నర్. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాల్ఫ్ గ్లీసన్‌తో కలిసి ‘రోలింగ్ స్టోన్’ పత్రిక పెట్టాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ని నిలబెట్టినవాళ్లలో ఒకడు. 2023 సెప్టెంబరులో తాను చేసిన ఇంటర్వ్యూలను ‘ద మాస్టర్స్’ అన్న పేరుతో పుస్తకంగా వేశాడు. అందులో ఉన్నది ఏడుగురు: బాబ్ డిలన్, జాన్ లెనన్, మిక్ జాగర్, పీట్ టౌన్‌షెండ్, జెర్రీ గార్సియా, బోనో, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. అందరూ మగవాళ్లే, అందరూ తెల్లవాళ్లే. ఇదేమిటని న్యూయార్క్ టైమ్స్ విలేకరి అడిగాడు. ఆ మేధో స్థాయిలో మాట్లాడగలిగిన ఆడవాళ్లు తనకు కనిపించలేదన్నాడు వెన్నర్. జోనీ మిచెల్ రాక్ సంగీతానికి తత్వవేత్త కాదన్నాడు. స్టీవీ వండర్ మహా ప్రతిభావంతుడని ఒప్పుకుంటూనే, మార్విన్ గే, కర్టిస్ మేఫీల్డ్ లాంటి నల్లజాతి కళాకారులు ఆ స్థాయిలో తమ భావాలు చెప్పలేకపోయారన్నాడు. ఇంటర్వ్యూ వచ్చిన మర్నాడే హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు ఆయన్ని తప్పించింది. ఆయన క్షమాపణ చెప్పాడు. గొడవ సద్దుమణిగింది.

మాకు మాత్రం సద్దుమణగలేదు. అప్పట్లో జాతి వివక్ష గురించి, ఆడవాళ్ల పట్ల చిన్నచూపు గురించి చాలామంది రాశారు. రాయవలసిందే. కానీ మా కంటబడిన రాతల్లో ఎక్కువ భాగం, ఫలానా ఆమె కూడా అద్భుతంగా మాట్లాడుతుంది, ఫలానా ఆయన ఇంటర్వ్యూలు చదివి చూడండి అంటూ సాగాయి. అంటే వెన్నర్ చేతిలోని కొలబద్దను ఒప్పేసుకుని, మావాళ్లూ ఆ ఎత్తు ఉన్నారని వాదించడమే కదా. మా ఫిర్యాదు ఆ కొలబద్ద మీదే. ఒక మనిషి చేసిన సంగీతం ఎంత గొప్పదో, దాని గురించి అతను ఎంత బాగా మాట్లాడతాడన్నదాన్ని బట్టి తేల్చే హక్కు ఎవరిచ్చారు? పత్రికలవాళ్లకు పత్రికలవాళ్లే ఇచ్చుకున్నారు. మేమూ పత్రిక నడుపుతున్నవాళ్లమే కాబట్టి ఈ మాట అనవలసిన బాధ్యత మా మీదే ఎక్కువ.

ఆ ఏడుగురిలో ఉన్న జాగర్ దగ్గరే మొదలుపెడదాం. రోలింగ్ స్టోన్స్ 1969 డిసెంబరులో తెచ్చిన ‘లెట్ ఇట్ బ్లీడ్’ ఆల్బమ్‌లో మొదటి పాట ‘గిమ్మీ షెల్టర్’. వియత్నాం యుద్ధం మంచి జోరు మీదున్న కాలం. లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఆ పాటకు ఒక ఆడగొంతు కావాలనిపించి, బాగా రాత్రయ్యాక మెరీ క్లేటన్‌కు కబురు పెట్టారు. ఆమె గర్భవతి. జుట్టుకు కర్లర్లు చుట్టుకుని పడుకోబోతున్న మనిషి అలాగే బయల్దేరి వచ్చింది. ఒకసారి పాడింది. మరోసారి పాడమంటే ఈసారి గొంతు పూర్తిగా వదిలేసింది. పాట సగం దాటాక ఆమె ఒక్కతే పాడే చోట చెవి పెట్టి వినండి. అవే మాటలు మళ్లీ మళ్లీ పాడుతూ, పట్టు పెంచుకుంటూ పోతుంటే గొంతు పగులుతుంది. ఆ పగులు దగ్గర వెనక నుంచి ఎవరో పట్టలేక కేక పెట్టడం కూడా రికార్డులోకి ఎక్కింది. గొంతు జీరపోయిందని ఆ టేకు పక్కన పడేసి, నున్నగా ఉన్నదాన్ని ఉంచుకునే సంగీత దర్శకులు ఎందరో ఉంటారు. వాళ్లు అలా చేయలేదు. ఆ ఒక్క నిర్ణయానికే రోలింగ్ స్టోన్స్ గొప్ప బ్యాండ్ అని మేం ఒప్పుకుంటాం. ఇల్లూ పిల్లలూ కాలిపోతున్నారన్న భయం ఆ పాటలో ఎక్కడైనా ఉందంటే అది ఆ పగిలిన గొంతులోనే ఉంది, జాగర్ ఇంటర్వ్యూల్లో కాదు. ఆల్బమ్ అట్ట మీద మాత్రం మెరీ అన్న పేరు మేరీ అని తప్పుగా అచ్చయింది.

మరో పాటకైతే సాహిత్యమే లేదు. 1973 జనవరిలో లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ వాళ్లు ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ముగింపు పనుల్లో ఉన్నారు. రిక్ రైట్ పియానో మీద కట్టిన బాణీ ఒకటి గొంతు కోసం ఎదురుచూస్తోంది. క్లేర్ టోరీ అనే యువ గాయనిని పిలిపించారు. పాట రాసివ్వలేదు. ఆమె మొదట అలవాటు కొద్దీ ఒకటి రెండు మాటలు కలిపి పాడబోతే, మాటలు వద్దన్నారు. అప్పుడామె తన గొంతు కూడా ఒక వాయిద్యమే అనుకుని పాడింది. ఏడుపా, ప్రార్థనా, భయమా, అన్నీ వదిలేసుకున్న శాంతమా అని విడదీయలేనట్టుగా పాడింది. ఆదివారం పనికి ఇచ్చే రేటు ప్రకారం 30 పౌండ్లు చేతిలో పెట్టి పంపించారు. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ అన్న ఆ బాణీకి కర్తగా రైట్ పేరు ఒక్కటే పడింది. 2004లో ఆమె కోర్టుకెక్కితే, 2005లో రాజీ కుదిరి, ఆ తర్వాతి ముద్రణల్లో రైట్ పక్కన ఆమె పేరూ చేరింది. పింక్ ఫ్లాయిడ్‌ను లోతైన ఆలోచనల బ్యాండ్ అంటారు. ఆ ఆల్బమ్‌లో మరణం గురించి అంతకంటే లోతుగా పోయిన చోటు మరొకటి మాకు వినిపించలేదు. ఆమె గొంతులో ఒక్క ఆలోచనా మాటల్లోకి రాలేదు. కచేరీలో విద్వాంసుడు తోడిని అరగంట ఆలపిస్తే సాహిత్యం ఏదని అడగని మనకు ఇది కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు.

మాటకారితనం కొలతగా పెట్టుకుంటే వాయించేవాళ్ల గతి ఏమిటి? లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బమ్ 1971 నవంబరులో వచ్చింది. అందులో చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. 1927లో మిసిసిపి నది కట్టలు తెంచుకుని ఊళ్లను ముంచెత్తింది. ఆ వరద మీద 1929లో కాన్సస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి జంట రికార్డు చేసిన బ్లూస్ పాట అది. మిన్నీ గిటార్ మీద మహా గట్టి చెయ్యి. జెపెలిన్ వాళ్లు దాన్ని ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో తమ పద్ధతిలో చేశారు. ఇంజనీరు ఆండీ జాన్స్, జాన్ బొనమ్ డ్రమ్స్‌ని మెట్లున్న హాల్లోకి దింపించి, మైకులు రెండే రెండు, అవీ డ్రమ్స్‌కు దగ్గరగా కాకుండా పైఅంతస్తు మెట్ల దగ్గర వేలాడదీశాడు. అందుకే ఆ పాటలో డ్రమ్స్‌తో పాటు ఆ గోడలూ, ఆ ఎత్తూ, ఆ ఖాళీ కూడా వినిపిస్తాయి. బొనమ్ తొందరపడడు. ఒక్కో దెబ్బ పూర్తిగా పడి, పైకెళ్లి, తిరిగొచ్చేదాకా ఆగినట్టే వాయిస్తాడు. రాబర్ట్ ప్లాంట్ నోరు తెరవకముందే నీళ్లు గుమ్మం దాటి లోపలికి వచ్చేస్తాయి.

1980 సెప్టెంబరులో బొనమ్ చనిపోయాడు. పాట రాసి పాడే ప్లాంట్ ఉన్నాడు, గిటార్ పట్టే జిమ్మీ పేజ్ ఉన్నాడు, జాన్ పాల్ జోన్స్ ఉన్నాడు. అయినా డిసెంబరులో ఇక ఈ బ్యాండ్ లేదని ప్రకటించారు. పాట ఎక్కడ పుడుతోందో వాళ్లకు తెలుసు. అంతకు రెండేళ్ల ముందు ద హూ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ పోయాడు. వాళ్లు మరొకర్ని పెట్టుకుని నడిపారు. పీట్ టౌన్‌షెండ్ అదే మనిషి, అదే ఆలోచన, అదే వాగ్ధాటి. ఆ మోత మాత్రం తిరిగి రాలేదు. రోలింగ్ స్టోన్స్ చార్లీ వాట్స్‌నే తీసుకోండి. రెండో మాత్ర మీదా నాలుగో మాత్ర మీదా స్నేర్‌ని కొట్టేటప్పుడు హై-హ్యాట్ మీద నుంచి చెయ్యి ఎత్తేసేవాడు. ఆ చిన్న ఖాళీలోంచే ఆ బ్యాండ్ నడక పుట్టింది. మితభాషి. వెన్నర్ కొలతకు ఆయన ఏ మూలకొస్తాడు?

మా దృష్టిలో మంచి సంగీతమంటే ఇదే: ఒకరి చేతికి మరొకరి చెవి ఆనుకుని ఉండటం, ఎక్కడ ఆగాలో తెలియడం, ఒక ధ్వనిని మరొకరు అనుకరించినా అదే ధ్వని రాకపోవడం. వేగం కాదు, కష్టమైన స్వరాల గుట్ట కాదు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బ్యాండ్ వేళ్ల సామర్థ్యాన్ని మేం కాదనం, కానీ వాళ్లు పక్కవాణ్ని వింటున్నట్టు మాకు ఎక్కువసార్లు అనిపించలేదు. బ్లాక్ సబాత్ టోనీ ఐయోమీ బర్మింగ్‌హామ్ కార్ఖానాలో రేకులు కోసే యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం వాడు, తంత్రులు నొక్కవలసింది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు, సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా కిందికి దించాడు. హెవీ మెటల్ అని నేడు లోకమంతా పిలుస్తున్న ఆ బరువైన నాదం ఆ తొడుగుల కింద నుంచి వచ్చింది. 1970లో బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్‌ని ‘రోలింగ్ స్టోన్’ చీల్చి చెండాడింది. అంతకు ముందు ఏడాది లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌కూ అక్కడ అదే మర్యాద జరిగింది. చక్కని వాక్యాలు రాసేవాళ్లకు చక్కని వాక్యాలు చెప్పేవాళ్లే వినిపిస్తారు.

ఇది అభిరుచి భేదం అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. 1986లో హాల్ ఆఫ్ ఫేమ్ తొలి విడతలో కళాకారులుగా చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఎల్విస్ ప్రెస్లీతో సహా పది పేర్లు ప్రకటిస్తే అందులో ఒక్క స్త్రీ కూడా లేదు. వాళ్లందరికంటే ముందే ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని చర్చి పాటల్ని ఊపేసిన సిస్టర్ రోజెటా థార్ప్ 1973లో పోయింది. 2018 దాకా ఆమెకు అక్కడ చోటు దొరకలేదు. వెన్నర్ పత్రికకు ఆ పేరు ఎక్కడిది? దాని మూలాల్లో మడ్డీ వాటర్స్ 1950లో రికార్డు చేసిన పాట ఒకటి. జాగర్ బ్యాండు పేరూ అక్కడిదే. ఒక నల్లజాతి గాయకుడి పాట పేరును తలకట్టుగా పెట్టుకుని, అర్ధ శతాబ్దం దాని మీద బతికి, చివరికి ఆ జాతివాళ్లు మాస్టర్లుగా మాట్లాడలేరని చెప్పడం దొంగతనం కంటే హీనం.

డిలన్, లెనన్ మాటల్లేకుండా రాక్ చరిత్ర లేదని మాకు గుర్తు చేసేవాళ్లుంటారు, ఆ సంగతి ఎవరూ కాదనరు.

సంగీతాన్ని మాటలతో కొలిచే ఈ రోగం అమెరికాదే అనుకుంటే పొరపాటు. 2016లో డిలన్‌కు నోబెల్ వచ్చినప్పుడు తెలుగు సాహిత్యవర్గాలు పండగ చేసుకున్నాయి, పాటకు ఇప్పుడు పరువు దక్కిందన్నట్టుగా. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వస్తే, అందులో సాహిత్యం ఏముందని మనలోనే ఎందరో పెదవి విరిచారు. కీరవాణి ఎంచుకున్న ఆ ఆరు మాత్రల నడక గురించి, ఊరి డప్పుతో దానికున్న చుట్టరికం గురించి రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. డప్పు వాయించే మాదిగ కళాకారుణ్ని మన సాహిత్య సభలు ఊరేగింపు ముందు నడిపిస్తాయి, వేదిక మీద కూర్చోబెట్టవు. అతను తన లయ గురించి వ్యాసం రాయలేదు కనుక అతని లయకు చరిత్ర లేదని తీర్మానించేస్తాం. వెన్నర్ చెప్పింది ఇదే కదా, వేరే ఊళ్లో.

కాబట్టి మా రచయితలకు ఒక విన్నపం. పాట గురించి ఈ పత్రికకు వ్యాసం పంపేవాళ్లు, అది సినిమా పాటైనా జానపదమైనా పాశ్చాత్య బ్యాండ్ పాటైనా, కవి పేరుతో పాటు ఎవరు వాయించారో, ఎవరు వెనక గొంతు కలిపారో, ఎక్కడ రికార్డయిందో వెతికి రాయండి. పల్లవీ చరణాలూ ఎత్తి రాసి వాటికి తాత్పర్యం చెప్పే వ్యాసాలను, రాసినవారు ఎంత పెద్దవారైనా, వచ్చే సంచిక నుంచి తిప్పి పంపుతాం. మీ ఊళ్లో డప్పు వాయించే పెద్దల్ని కలిసి, ఏ దరువు ఏ సందర్భానికి వేస్తారో, చర్మం ఎలా కాస్తారో, కర్ర ఎలా పడతారో అడిగి రాసి పంపితే, ఆ పేజీలకు ముందు చోటు ఇస్తాం. వాళ్ల పేరు పైన, రాసినవారి పేరు కింద.