పిట్ట ముట్టకపోతే ఊరంతా కదిలింది, ఆడబిడ్డ ముట్టకపోతే?

'బలగం' సినిమా 2023 మార్చిలో వచ్చింది. ఇన్నాళ్లయినా ఆ సినిమా పేరు చెప్పి ఆడవాళ్లకు నీతులు పంపడం మాత్రం ఆగలేదు. ప్రతి పండక్కీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక బాబాయో మామయ్యో పెడుతూనే ఉంటారు. కోడళ్లూ ఆడబిడ్డలూ ఈ సినిమా చూడాలట, ఇంటిని కలిపి ఉంచడం నేర్చుకోవాలట.

చూశానండీ. నాలుగుసార్లు చూశాను. ఆ ఇల్లు రెండు ముక్కలైంది ఆడదాని మాట వల్ల కాదు, నల్లి బొక్క వల్ల.

మరిచిపోయిన వాళ్ల కోసం చెప్తాను. విందులో అల్లుడు నారాయణ కంచంలో బొక్క పడలేదు. మర్యాద పోయిందన్నాడు. బావమరిది తగ్గలేదు. మాటా మాటా పెరిగింది. అంతే, ఇరవై ఏళ్లు లచ్చవ్వ పుట్టింటి గడప తొక్కలేదు. ఆ బొక్క తినాల్సిన నోరు ఆమెది కాదు. వడ్డించాలా వద్దా అన్న మాట కూడా ఆమెను అడగలేదు. శిక్ష మాత్రం ఆమెకు. మళ్లీ వచ్చేసరికి తండ్రి కొమురయ్య శవమై ఉన్నాడు. మాట్లాడుకోవడానికి ఇద్దరిలో ఒకరే మిగిలారు.

ఇక్కడ దర్శకుడు వేణు యెల్దండిని నేనేమీ అనడం లేదు. ఆయన ఉన్నది ఉన్నట్టు చూపించాడు. ఆ చూపించినదాన్ని చూసి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఇంటికొచ్చి ఆడవాళ్లకు క్లాసు పీకే వాళ్లతోనే నా పేచీ.

కథలో కాకి ఉంది కదా, దాని సంగతి చూద్దాం. మూడోనాడు పిట్టకు పెడితే ముట్టలేదు. ఐదోనాడు కూడా ముట్టలేదు. ఇంక ఊరంతా ఒకటే గుసగుస. ముసలాయనకు ఏం కోరిక మిగిలిందో, మనసులో ఏం పెట్టుకుని పోయాడో అని. ఒక పక్షి తినకపోతే దాని వెనక ఒక మనిషి బాధ ఉందని అందరికీ అర్థమైంది. పంచాయితీ దాకా పోయింది.

మరి మనిషే తినకపోతే?

మా పెద్దమ్మ పుట్టిల్లు ఇక్కడే, ఖిలా వరంగల్ మట్టికోట లోపల. టూరిస్టులు ఫొటోలు దిగే కీర్తి తోరణాలకు కూతవేటు దూరం. పెళ్లిలో పెట్టిన బట్టల దగ్గర మా పెదనాన్నకూ ఆమె అన్నకూ మాటొచ్చి రాకపోకలు బందయ్యాయి. తొమ్మిదేళ్ల తర్వాత తల్లి పోయింది. పెదనాన్న గడప మీద నిలబడి ఒక్క మాటే అన్నాడు: "పో, చూసిరా. గని ఆ ఇంట్ల మెతుకు ముట్టినవో, మళ్ల నా ఇంటికి రాకు." పదకొండో రోజు ఆ ఇంట్లో పంక్తులు లేస్తున్నాయి, కూర్చుంటున్నాయి. పెద్దమ్మ బావి గట్టు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. అదే బావి పక్కన పిట్టకు ముద్ద పెట్టి, చేతులు జోడించి, "రా తల్లీ, తినుపో" అని మగవాళ్లందరూ ఆకాశం కేసి చూస్తున్నారు. కాకి వచ్చింది, తింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. బావి గట్టు వైపు ఒక్కరూ చూడలేదు. కూతురు రుద్రమను సింహాసనం మీద కూర్చోబెట్టిన గణపతిదేవుడి కోట ఇది. దాని లోపల కూతురికి ముద్ద లేదు.

'బలగం' చూసినప్పుడల్లా లచ్చవ్వ ముఖంలో మా పెద్దమ్మే కనబడుతుంది నాకు. మీకూ మీ ఇంటి మనిషి ఎవరో ఒకరు కనబడే ఉంటారు. థియేటర్లలో ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చింది కొమురయ్య కోసమేనని మగవాళ్లు అనుకుంటున్నారు. అనుకోనీయండి.

ఈ సినిమా నెమ్మదిగా నడుస్తుందని విసుక్కునే వాళ్లున్నారు. మా ఇంట్లోనూ ఉన్నారు. చావు ఇల్లు నెమ్మదిగానే ఉంటుంది నాయనా. పదకొండు రోజులు కూర్చోలేక మూడు రోజులకే కానిచ్చేసి ఆఫీసుకు పోయేవాళ్లకు రెండు గంటల సినిమా కూడా సాగదీసినట్టే ఉంటుంది. ఆ పదకొండు రోజులూ వచ్చేపోయే వాళ్లకు టీలు పెట్టి, అన్నాలు వండి, మధ్యలో కాస్త ఏడ్చుకునే ఆడవాళ్లను అడగండి, అది ఎంత పొడుగో.

ఏడుపంటే ఇంకోటి గుర్తొచ్చింది. శవం దగ్గర కూర్చుని పోయినవాళ్ల మంచీ చెడూ తలుచుకుంటూ ఆడవాళ్లు శోకాలు పెడితే, "రాగం తీస్తోంది చూడు" అని వెక్కిరిస్తారు. అపార్టుమెంట్లలో అయితే "మెల్లగా, పక్కవాళ్లున్నారు" అని నోరు నొక్కుతారు. సినిమా చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు అదే పని చేస్తే రాష్ట్రమంతా చేతులెత్తి మొక్కింది. వాళ్లు మన వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు, బుడగజంగాల కళాకారులు. పోయిన మనిషిని పాటలో నిలబెట్టి బతికున్న వాళ్లను నిలదీయడం వాళ్ల విద్య. కిడ్నీల జబ్బుతో మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన్ను 'బలగం మొగిలయ్య' అని పేపర్లన్నీ రాశాయి, రాయాల్సిందే. పక్కన గొంతు కలిపిన కొమురమ్మ పేరు ముందు 'బలగం' అని ఎంతమంది చేర్చారో మీరే గుర్తు తెచ్చుకోండి.

బీఏలో తిక్కన స్త్రీపర్వం చదువుకున్నప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతోంది. పద్దెనిమిది రోజులు మగవాళ్లు కొట్టుకుని చచ్చారు. శవాలను వెతుక్కుని ఏడవడం ఆడవాళ్ల వంతు. తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పి, కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్లు వదలండి అంది. అన్నేళ్లు కడుపులో దాచుకున్న మాట నీళ్లు వదిలే దగ్గర గాని బయటికి రాలేదు. దానికి ధర్మరాజు ఏం చేశాడు? ఆడవాళ్ల నోట్లో రహస్యం దాగకూడదని శపించాడు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదని ఇప్పటికీ సామెత చెప్తారు కదా. యుద్ధం వాళ్లది, శాపం మనకు. ఇంటి మగవాళ్లు బొక్క కోసం విడిపోతే ఆడవాళ్లకు సుద్దులు పంపించే బాబాయిలకు ధర్మరాజు చుట్టమే అవుతాడు.

ఆడవాళ్లు గొడవలు పెట్టరా అని అడుగుతారు. పెడతారు, ఎందుకు పెట్టరు? వదినా మరదళ్ల పేచీలు నాకు తెలియనివా? కానీ గమనించండి, వాళ్లు పొద్దున తిట్టుకుని సాయంత్రానికి పచ్చడి గిన్నె పంపించుకుంటారు. గడప తొక్కొద్దని ఒట్టు పెట్టే అధికారం వాళ్ల చేతిలో లేదు. ఆ అధికారం ఎవరి చేతిలో ఉందో సుద్దులు వాళ్లకు చెప్పాలి.

పెత్రమాస వస్తోంది. పోయిన పెద్దల పేరు మీద పొద్దున బియ్యం ఇస్తారు. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. చనిపోయిన వాళ్లను తలుచుకునే రోజే ఆడబిడ్డల పండగ మొదలయ్యేలా మన తెలంగాణలో ఎవరు పెట్టారో గాని, ఊరికే పెట్టలేదనుకుంటాను. బియ్యం మూట కట్టే మగమహారాజులు ఆ పొద్దున్నే ఇంటి ఆడబిడ్డకు ఫోన్ చేసి, "పూలు తెచ్చి పెట్టినం, రా" అనండి. బావ మీద కోపముంటే బావతోనే తేల్చుకోండి.

మీ ఇంట్లో గడప తొక్కనివ్వని ఆడబిడ్డ మీరే అయితే, ఫోన్ కోసం చూడకండి అక్కా. తంగేడు పూలు ఒడిలో పోసుకుని నడవండి. అమ్మా నాన్నా ఉండగానే పోండి. ముద్ద పెడితే కూర్చుని కడుపునిండా తినండి.