బిడ్డ 'చాలు' అన్నప్పుడు

మొన్న ఆదివారం మా మేనల్లుడింటికి భోజనానికి వెళ్లాను. వాడి మూడేళ్ల కొడుకును సోఫాలో కూర్చోబెట్టి, ఎదురుగా నీళ్ల సీసాకు ఆనించి ఫోన్ పెట్టారు. తెర మీద బొమ్మలు గెంతుతున్నాయి. తల్లి పప్పన్నం ముద్ద పెదవులకు తగిలించగానే వాడి నోరు దానంతటదే తెరుచుకుంటోంది. కళ్లు మాత్రం తెర వదలవు. పావుగంటలో గిన్నె ఖాళీ. "చూశారా అత్తయ్యగారూ, ఒక్క మెతుకు మిగల్చలేదు" అంది ఆ అమ్మాయి సంబరంగా. "ఏం తిన్నావురా కన్నా?" అని అడిగాను. నావైపు ఓసారి చూసి మళ్లీ తెరకేసి తిరిగాడు. తిన్నది పప్పో పెరుగో వాడికి తెలియదు.

ఆ తల్లిని తప్పుపట్టను. పొద్దున ఎనిమిదింటికల్లా క్యాబ్ ఎక్కాలి, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. బిడ్డ కడుపు నిండితే అదే పదివేలనుకుంటుంది. ఆ ఆరాటం నాకు తెలుసు. కానీ కడుపు నిండడం ఒకటి, తినడం నేర్చుకోవడం ఇంకొకటి. బడి మెట్లెక్కకముందే పిల్లలకు అలవడాల్సింది ఆ రెండోది.

'మన అమ్మమ్మలు చందమామను చూపించి తినిపించలేదా, అదీ ఏమార్చడమేగా' అంటారు. నిజమే, ఏమార్చడమే. 'ఇది తాతకు, ఇది మామయ్యకు' అంటూ అక్కర్లేని ముద్దలు కుక్కిన రోజులూ ఉన్నాయి. అయినా చందమామ క్షణానికో రంగు మారదు. బిడ్డ ఓసారి పైకి చూసి, మళ్లీ ముద్ద పెట్టే మనిషి ముఖంలోకే చూస్తుంది. ఆ మనిషి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. ముద్ద బుగ్గన పెట్టుకుందా, కారమైందా, తల పక్కకు తిప్పుతోందా, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఫోన్ ముందు బిడ్డ తల తిప్పదు. ఎక్కడ ఆపాలో తల్లికీ తెలియదు.

పాలు తాగే పసిగుడ్డు కూడా ఆకలేస్తే ఏడుస్తుంది, చాలనుకుంటే మొహం తిప్పేసుకుంటుంది. ఆ తెలివి ఎవరూ నేర్పింది కాదు. దాన్ని మరిపించకుండా ఉండడమే మన పని. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ దీన్ని పనుల పంపకంగా చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డ పని. మన ఇళ్లలో ఇది తారుమారైంది. ఏం కావాలో బిడ్డ చెబుతోంది, ఎంత తినాలో మనం చెబుతున్నాం.

'మావాడికి ఆకలే ఉండదండీ' అనే ఇళ్లలో సాయంత్రాలు చూడండి. ఆరింటికి చాక్లెట్ పొడి కలిపిన పాలు, ఏడింటికి రెండు బిస్కెట్లు, మధ్యలో సోఫా దిగకుండా బొమ్మల సినిమా. ఎనిమిదింటికి కంచం పెడితే ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం కొన్ని కొలతలు చెప్పింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి, అందులో గంటసేపు బాగా ఎగిరి దూకాలి. నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలి. తెర గంట దాటకూడదు, తగ్గితే ఇంకా మంచిది. వీటిని విడివిడి నియమాలుగా చూస్తే భయమేస్తుంది. కానీ ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వస్తాయి. ఆడిన బిడ్డకు ఆకలేస్తుంది, ఆకలేసిన బిడ్డ ఫోన్ లేకుండానే తింటుంది, తిని అలసిన బిడ్డకు నిద్ర పడుతుంది. మేడ మీదో వీధి పార్కులోనో సాయంత్రం గంటసేపు వదిలితే చాలు, మిగతావి సగం దారికొస్తాయి.

ఇక తీపి సంగతి. 2025 మేలో సీబీఎస్ఈ తన బడుల్లో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపించే పలకలవి. మంచి పనే. అయితే ఆ బోర్డు చదివే వయసుకు నాలుక తన రుచులు ఎంచుకునే ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డకు తీపి పానీయాలు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ వయసులో బోర్డు ఉండాల్సింది వంటింట్లో. అలాగే బిడ్డ బీరకాయ ఉమ్మేసిందని పెట్టడం మానేయకండి. కొత్త రుచి అలవడడానికి పిల్లలకు 8, 10 సార్లయినా పట్టవచ్చు. తిట్టకుండా, బతిమాలకుండా, మనం తింటూ మళ్లీ ఓ ముక్క కంచంలో వేయడమే.

మా అమ్మాయి ఇంట్లో ఈ వేసవిలో ఫోన్ మానిపించాం. ముందు పెద్దవాళ్ల ఫోన్లన్నీ భోజనాల వేళ టీవీ పక్కన బుట్టలోకి వెళ్లాయి. నాలుగేళ్ల మనవరాలు మొదటిరోజు కంచం తోసేసింది. రెండోరోజు రెండు ముద్దలు తిని లేచిపోయింది. మా అల్లుడు రెండుసార్లు బుట్టవైపు చేయి చాచి వెనక్కి తీసుకున్నాడు. అయిదోరోజు పార్కు నుంచి మట్టికాళ్లతో వచ్చి, కాళ్లు కడుక్కుని, తనంతట తానే కూర్చుంది. పప్పు వేళ్ల సందుల్లోంచి కారుతుంటే తన చేత్తోనే తింది. ఇంకా రెండు ముద్దలుండగా చేయి దులుపుకుని, "చాలమ్మా" అంది.

ఆ రెండు ముద్దలూ కలిపి పెట్టబోయిన మా అమ్మాయి చేయి అక్కడే ఆగింది. "సరే తల్లీ, చేయి కడుక్కో" అంది. కంచంలో అన్నం మిగిలినందుకు మా ఇంట్లో ఎవరూ బాధపడని మొదటి రోజు అదే.