వేలిముద్ర మనది, జరిమానా ఖజానాకా?

మణుగూరులో ఒక కార్మికుడు రిటైరైన కొన్ని దినాలకే ఫోన్ మోగుతది. అవతలివాడు మొదలు పేరు చెప్తడు. తర్వాత ఖాతా ఏ బ్యాంకులో ఉన్నదో, పుట్టిన తేదీ ఏదో, ఆధార్ చివరి నాలుగు అంకెలేవో చెప్తడు. ‘‘సార్, మీ పెన్షన్ ఖాతా ఆగిపోతుంది. ఇప్పుడు మీకొచ్చిన నంబరు చెప్పండి’’ అంటడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు బ్యాంకోడు కాక ఎవడైతడని ఆ పెద్దమనిషి నంబరు చెప్తడు. జీవితకాలపు కష్టం అరగంటలో ఖాళీ. బ్యాంకుకు పోతే ‘ఓటీపీ నువ్వే చెప్పినవు కదా’ అంటరు. ఇంటికొస్తే చదువుకున్న కొడుకు కూడా అదే మాట అంటడు.

చెప్పిండు, నిజమే. కానీ పుట్టిన తేదీ దొంగకు ఎవరు చెప్పిండ్రు? బ్యాంకు పేరు ఎవరు అందించిండ్రు? బాధితున్ని నిలదీసే నోళ్లు ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మూతపడుతున్నాయి.

జవాబు కోసం దూరం పోనక్కరలేదు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఏడుగురిని పట్టుకున్నారు. 16.8 కోట్ల మంది వివరాలు వాళ్ల దగ్గర అమ్మకానికి ఉన్నాయని ప్రకటించారు. అందులో 2.55 లక్షల మంది రక్షణ సిబ్బంది వివరాలు కూడా ఉన్నాయట. వారం రోజులు గడిచాయో లేదో, ఏప్రిల్ 1న ఫరీదాబాద్‌కు చెందిన మరొకడు దొరికిండు. ఈసారి లెక్క 66.9 కోట్లు. ఇరవైనాలుగు రాష్ట్రాల జనం, ఎనిమిది మహానగరాల జనం. విద్యార్థుల జాబితా ఒకటి, జీతగాళ్ల జాబితా ఒకటి, సంతలో కూరగాయల్లెక్క కుప్పలు పోసి అమ్మిండ్రు. ఈ కేసుల్లో బ్యాంకులతో సహా పదకొండు సంస్థలకు పోలీసులు నోటీసులిచ్చారు.

దొంగల్ని కెమెరాల ముందు నిలబెట్టారు, మంచిదే. కానీ అన్ని కోట్ల వివరాలను ఆ దొంగలు ఇంటింటికీ తిరిగి రాసుకోలేదు గదా! ఎవరో జమచేసి, తాళం వెయ్యకుండా వదిలేస్తేనే అవి బజారుకెక్కినయి. ఆ జాబితాలో మీరున్నారని మీకు ఎవరైనా ఉత్తరం రాసిండ్రా? మీ బ్యాంకు, మీ ఫోన్ కంపెనీ, మీ పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పిన సంస్థ, ఒక్కరైనా?

అంతకన్నా భయపెట్టే సంగతి 2018లో మన గోదావరి తీరపు జిల్లాలోనే జరిగింది. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులమ్మే వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దించుకున్నడు. వాటి మీద అమ్మినోళ్ల, కొన్నోళ్ల ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది. ఆ ముద్రలకు రబ్బరు స్టాంపులాంటి అచ్చులు తీసి, యంత్రం మీద ఒత్తి, వేల సిమ్‌కార్డులకు ప్రాణం పోసిండు. ఎందుకయ్యా అంటే అమ్మకాల టార్గెట్ కోసమని తేలింది. మనిషిని గుర్తుపట్టాల్సిన యంత్రం రబ్బరు ముక్కను మనిషనుకున్నది. ఆ టార్గెట్ పెట్టింది ఎవరు, వేలిముద్రలున్న కాగితాలను అందరూ దించుకునేటట్టు పెట్టింది ఎవరు? 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా అయితే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల దస్తావేజుల్లోని ముద్రలతో ఏకంగా జనం ఖాతాల్లోంచి పైసలే తీసింది. వీటికి ఓటీపీ కూడా అక్కరలేదు. ‘నువ్వే చెప్పినవు కదా’ అనడానికి కూడా వీల్లేదు.

వేలిముద్ర అంటే ఏందో మన ఏజెన్సీకి కొత్తగా చెప్పాల్నా? షావుకారు తెల్లకాగితం మీద వేలు ఒత్తించుకుని కోయ రైతు చెలకను మింగిన చరిత్ర ఇది. 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం వచ్చింది అందుకే. అప్పుడు కనీసం ఆ షావుకారు ఎవరో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు పినపాక, కరకగూడెం గూడేల్లో ఉపాధి కూలీకైనా, పింఛనుకైనా వేలు పెట్టమంటే పెడుతున్నరు. ఆ ముద్ర ఏ కంపెనీ కంప్యూటర్లో నిలిచిపోయిందో ఎవరికెరుక? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం. పది వేళ్ల ముద్రలు పోతే పదకొండో వేలు ఎక్కడి నుంచి తేవాలె? ఆధార్‌లో బయోమెట్రిక్‌కు తాళం వేసుకునే సౌకర్యమున్నది, నిజమే. కానీ దాన్ని కూడా ఆ కూలీయే నేర్చుకోవాలట!

మరి చట్టం? వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అసలు బాధ్యతలు అమలు కావడానికి కంపెనీలకు మళ్లా 18 నెలల గడువు, అంటే 2027 మే. సరైన భద్రత పెట్టని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా రాసుకున్నారు. ఆ జరిమానా ఎక్కడికి పోతది? కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి. పైసలు పోగొట్టుకున్న మనిషికి పైసా ఇమ్మని ఆ చట్టంలో లేదు. పైగా అబద్ధపు ఫిర్యాదో, అల్లరి ఫిర్యాదో అని తేలిస్తే పౌరునికే 10 వేల దాకా జరిమానా. సర్కారు తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే దారి కూడా తెరిచిపెట్టుకుంది.

ఇంతకంటే పెద్ద మోసం ఇంకోటున్నది. నిర్లక్ష్యంతో మన వివరాలు పోగొట్టిన కంపెనీ పరిహారం కట్టాలని ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ ఉండె. 2008 సవరణతో వచ్చింది. సర్కారు శాఖల మీద అది పనిచేయదు గానీ కంపెనీల మీద పనిచేస్తది. కొత్త చట్టం దాన్ని తీసిపారేస్తున్నది, అదే 18 నెలల గడువుతోనే. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే సంస్థ 2017లో 14.7 కోట్ల మంది వివరాలు పోగొడితే, 2019 ఒప్పందంలో 42.5 కోట్ల డాలర్ల దాకా బాధితుల నిధికే కేటాయించాల్సి వచ్చింది. తలకింత పంచితే ఒక్కొక్కరికీ దక్కేది కొద్దిపాటే అనుకోండి. అయినా అక్కడ బాధితుడనేవాడు ఒకడున్నాడని ఒప్పుకున్నారు.

మన దగ్గర 43ఏ కింద ఫిర్యాదు వినే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. 5 కోట్ల దాకా పరిహారం అడగొచ్చు. ఈ సంగతి మణుగూరు బ్యాంకు గోడల మీద రాసి ఉందా? 1930 నంబరు రాసి ఉంటది. ‘ఓటీపీ చెప్పొద్దు’ అని ఉంటది. బ్యాంకుదీ, ఖాతాదారుదీ తప్పు లేకుండా పైసలు పోయినప్పుడు మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుకు నష్టం ఉండొద్దని, తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. అది మాత్రం ఏ గోడ మీదా కనపడదు.

కార్మిక సంఘాలు గుర్తింపు ఎన్నికలప్పుడు గేట్ మీటింగులు పెడతాయి. ఒక గేట్ మీటింగు దీనికి పెట్టండి. పైసలు పోయిన ప్రతి కార్మికుని ఫిర్యాదు కాగితం, బ్యాంకు ఇచ్చిన జవాబు జమచెయ్యండి. న్యాయశాస్త్రం చదివే మన పిల్లలు అర్జీలు రాస్తరు. సెక్షన్ పోయేలోపు అవన్నీ హైదరాబాద్‌లో ఐటీ కార్యదర్శి బల్ల మీదికి చేరాలె. రాష్ట్రం మనదే, సర్కారు మనదే. అందుకే ఇంకా గట్టిగా అడుగుదాం: పరిహారం హక్కును చట్టంలో మళ్లా రాయించేందుకు ఢిల్లీకి ఉత్తరమన్నా రాస్తరా, రాయరా?