అల్పవేతనము, అద్దెయిల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. అల్పవేతనముతో నగరమున అద్దెయింట ఒక సంవత్సరము గడపి చూడుమని ఈ కాలపువారు దానికి చేర్చవచ్చును. నెలకు 20,000 రూపాయల ఉద్యోగము దొరికిన యువకుని మొదట కలతపెట్టునది పని కాదు. ఏ యూర నివసించినచో అద్దె పోను తల్లిదండ్రులకు నాలుగు రూపాయలు పంపవచ్చునో అన్నదే అతని చింత.

ఒకే జీతము అన్ని యూళ్లలోను ఒకే విలువ చేయదని ప్రభుత్వమే గుర్తించినది. కేంద్రోద్యోగుల ఇంటియద్దె భత్యమునకై నగరములను జనసంఖ్యను బట్టి మూడు తరగతులుగా విభజించిరి. 50 లక్షలకు పైబడిన జనులు గల హైదరాబాదు మొదటి తరగతిలోనిది. విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, నెల్లూరు, వరంగల్లు రెండవ తరగతిలోనివి. చిన్న పట్టణములు మూడవ తరగతిలోనివి. 2017లో చేసిన నిర్ణయము ప్రకారము కనీస భత్యము వరుసగా 5,400, 3,600, 1,800 రూపాయలు. ఈ న్యాయము ప్రభుత్వ కార్యాలయపు గడప దాటి రాదు. దుకాణపు గుమాస్తాకు, ప్రైవేటు పాఠశాలలోని ఉపాధ్యాయినికి, చిన్న ఆసుపత్రిలోని నర్సుకు అట్టి భత్యము తరచుగా కలలోని మాట.

అట్లయిన చిన్న పట్టణమునకే పోరాదా యని సలహా చెప్పువారు కలరు. చిన్న పట్టణమున అద్దె తక్కువ, ఉద్యోగములును తక్కువ. ఉన్న పని పోయినచో రెండవ పని ఆ యూర దొరకుట కష్టము. మహానగరమున ఒక వాకిలి మూసిన మరియొకటి తెరచుకొనవచ్చును. భార్యకును పని దొరకవచ్చును. అద్దె యెక్కువని తెలిసియు జనులు హైదరాబాదు చేరుటలో అవివేకమేమియు లేదు.

నగరము చేరిన పిదప మరియొక లెక్క మొదలగును. అమీరుపేట హాస్టలులో నలుగురితో గది పంచుకొన్నంత కాలము రోజులు గడచును. పెండ్లియై కాపురము పెట్టవలసినప్పుడు అద్దె తగ్గు శివార్లకు జరుగవలెను. అద్దెలో మిగిలినది బస్సులకును, ఆటోలకును పోవును. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, 2017లో మెట్రో వచ్చినవి గాని అవి అన్ని శివార్లకును చేరలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు లభించిన ఉచిత ప్రయాణము పేదయింటికి నిజమైన ఊరట. ఐనను రూపాయలు మిగిలినంతగా గంటలు మిగులవు. బిడ్డ లేవకముందు బయలుదేరి, బిడ్డ నిదురించిన పిదప ఇల్లు చేరు తండ్రి చెల్లించు అద్దెను ఏ రసీదులోను వ్రాయరు.

చవుకయైన ఊరు సయితము ఎల్లకాలము చవుకగా నిలువదు. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని కాగా, చాలినన్ని కట్టడములు లేక కార్యాలయములకు డేరాలు వేయవలసి వచ్చినది. 1956లో గుమాస్తాలు మూటలు కట్టుకొని హైదరాబాదు చేరిరి. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప విజయవాడలో అద్దెలు పెరిగినవి. 2016లో సచివాలయము వెలగపూడికి తరలగా ఉద్యోగులు మరల ఇండ్లు వెదకుకొనవలసి వచ్చినది. పని యెక్కడికి పోయినను అద్దె దాని వెంట నడచును. కావున చవుక ఊరిని వెదకుకొనుట ఒక కుటుంబమునకు కొంతకాలపు ఉపాయమే గాని, అందరికిని అదే దారి కాజాలదు.

2020లో లాక్‌డౌన్ వలన కూలి నిలిచి, శ్రమజీవులు కాలినడకన స్వగ్రామములకు మరలినప్పుడు అద్దెయింటి సంగతి దేశమున చర్చకు వచ్చినది. ఖాళీగా నున్న ప్రభుత్వ గృహములను వలసవచ్చినవారికి అద్దెకిచ్చు పథకమును కేంద్రము ఆ యేడే చేపట్టినది. ఆలోచన మంచిది. సొంతయింటి పట్టాలకు పాలకులు చూపు ఆదరములో కొంతయైనను అద్దెయిండ్లకు చూపవలెను. పరిశ్రమకు భూమి నిచ్చునప్పుడే అందు పనిచేయువారి నివాసమునకును చోటు నిర్ణయింపవలెను. వరంగల్లు, కర్నూలు, రాజమహేంద్రవరము వంటి ఊళ్లకు ఉద్యోగములను నడిపింపవలెను. అంతవరకు చిన్న జీతగాడు పని యున్న చోట ఇల్లు వెదకుచు, ఇల్లు దొరకిన చోట పని వెదకుచు తిరుగవలసినదే.