కొండ ఇవ్వలేని సహాయం

పత్తి, మిరప చేలు పరచుకున్న గుంటూరు, ప్రకాశం మైదానాల్లో చిన్న గుట్ట కనిపించినా చూపు అక్కడ ఆగుతుంది. కొండకు ఆ ఆకర్షణ ఉంది. సంగీతకారులకైతే అది మరీ ఎక్కువ.

జర్మనీ సంగీతకర్త ఫెలిక్స్ మెండెల్సన్‌కు స్విట్జర్లాండ్ పర్వతాలంటే ప్రాణం. 1846లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తొలిసారి వినిపించిన ఆయన ‘ఏలీయా’ సంగీత రూపకంలో 121వ కీర్తన ఆధారంగా ఒక పాట ఉంది. అప్పుడు వాద్యాలన్నీ ఆగిపోతాయి. దేవదూతల పాటగా మూడు గొంతులే వినిపిస్తాయి. ఆ పాట కర్మెలుపై గెలిచిన ఏలీయాకు కాదు, బదరీవృక్షం కింద చావు కోరుకుంటున్న ఏలీయాకు.

మరుసటి ఏడు మే నెలలో మెండెల్సన్ అక్క ఫానీ మరణించింది. ఆ దుఃఖంతో ఆయన మళ్లీ ఆ కొండల చెంతకే వెళ్లాడు. బొమ్మలు గీశాడు, స్వరాలు రాశాడు. నవంబరులో 38 ఏళ్లకే కన్నుమూశాడు. కొండలు ఆయనకు సంగీతాన్నిచ్చాయి గాని అక్కను తిరిగి ఇవ్వలేకపోయాయి. కీర్తనకారుడు కూడా కొండలను చూశాడు. అయితే సహాయం కోసం వాటిని చేసిన దేవునివైపే తిరిగాడు.

మన ఒంగోలులోనూ ఒక ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి అక్కడ ప్రార్థించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ రెంటి నడుమ ధాత కరువు వచ్చిన సంగతి మనం మరువకూడదు. అప్పుడు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం విశ్వాసంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ సహాయ కాలంలో బాప్తిస్మాలు ఆపాడు.

దేవదూత కూడా ఏలీయాను హోరేబు కొండకు పంపేముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు.

పురుగు పట్టిన పత్తి, ధర పలకని మిరప, తీరని అప్పు. వీటి మధ్య బదరీవృక్షం కింద కూలబడిన ఏలీయాలు మన ఊళ్లలో లేరా? ఆదివారం కొండల కీర్తన పాడే మనం సోమవారం వారి గడప తొక్కుతున్నామా? ఆ ఇంట పొయ్యి వెలిగిందో లేదో చూస్తున్నామా? దేవుడు సహాయం పంపేది తరచూ మనుషుల చేతుల మీదుగానే. ఆ చేతులు మనవి కావాలని మేము సంఘాలను వేడుకొంటున్నాము.