‘రిపోర్టులన్నీ నార్మల్’ అనేది రోగనిర్ధారణ కాదు

కాలు కదలదు, చేయి వణుకుతుంది, నడక తడబడుతుంది. ఎం.ఆర్.ఐ. తీయిస్తే మెదడులో ఏ దెబ్బా కనిపించదు. అప్పుడు రోగికి తరచుగా వినిపించే మాట ఒకటే: "రిపోర్టులన్నీ నార్మల్. మీకేమీ లేదు." ఆ మాటతో ఇంటిల్లిపాదికీ అనుమానం మొదలవుతుంది. ఒకరు నటన అంటారు, ఒకరు గాలి సోకిందంటారు, మరొకరు పని ఎగ్గొట్టే ఎత్తు అంటారు. పాఠకులారా, ఈ అన్యాయాన్ని మనం ఇంకెంతకాలం సహించాలి?

ఈ వ్యాధి పేరు ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్. తెలుగులో క్రియాత్మక చలన రుగ్మత అనవచ్చు. ఇందులో నాడీవ్యవస్థ నిర్మాణం చెక్కుచెదరదు. దాని పనితీరు గాడి తప్పుతుంది. రోగి కావాలని చేసేది ఇందులో ఏదీ లేదు.

‘ఏమీ లేదు’ అనేవారికి నా సమాధానం: ఉన్నది, దానిని మంచం పక్కనే చూపవచ్చు. బలహీనమైన కాలి మడమను పరుపుకేసి అదమమంటే రోగికి శక్తి చాలదు. కాని రెండవ కాలిని వైద్యుని చేతి ఒత్తిడికి ఎదురుగా పైకెత్తమంటే, బలహీనమైన కాలి మడమ దానంతటదే పరుపుకు గట్టిగా ఒత్తుకుంటుంది. దీనిని అమెరికన్ వైద్యుడు హూవర్ 1908లోనే వర్ణించాడు. అలాగే ఒక చేయి వణుకుతున్నప్పుడు రెండవ చేతితో చెప్పిన లయలో తాళం వేయిస్తే, ఆ వణుకు ఆగిపోవచ్చు, లేదా ఆ లయలోకే మారవచ్చు. ఇవి దొంగను పట్టే ఉచ్చులు కావు. దారి తెగిపోలేదని రోగికే చూపే నిదర్శనాలు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 కూడా మానసిక ఒత్తిడి కారణంగా ఉండి తీరాలన్న నియమాన్ని తొలగించి, ఇటువంటి చిహ్నాలకే ప్రాధాన్యమిచ్చింది.

రెండవ అన్యాయం ఫిజియోథెరపీ పేరిట జరుగుతున్నది. రోగిని బల్లపై పడుకోబెట్టి ‘కరెంటు’ పెడతారు, మైనపు కాపడం పెడతారు, రేపు మళ్ళీ రమ్మంటారు. కదలకుండా పడి ఉన్న దేహానికి చేసే ఈ ఉపచారం చలనాన్ని నేర్పదు. తొందరపడి తగిలించే పట్టీలు, చక్రాల కుర్చీలు అవయవాన్ని మరింత నిరుపయోగం చేయగలవు. "కాలెత్తు, ఇంకా ఎత్తు" అని ఆజ్ఞాపించిన కొద్దీ రోగి దృష్టి ఆ కాలిపైనే బిగుసుకొని కదలిక మరింత చెడుతుంది.

సరైన ఫిజియోథెరపీ ఇందుకు భిన్నమైనది. అది దృష్టిని అవయవంనుండి మళ్ళించి, దేహం తనంతట తాను చేసే కదలికలను వెలికి తీస్తుంది. బరువును ఒక కాలినుండి మరొక కాలికి మార్చడం, పాదాన్ని ఎత్తక జార్చడం, వెనుకకు నడవడం, పాట లయకు అడుగు వేయడం వంటి చిన్న మెట్లతో ఆరంభించి మామూలు నడకకు చేరుస్తుంది.

దీనికి ఆధారాలేవి? బ్రిటన్‌లో 60 మందితో జరిపి 2017లో ప్రచురించిన తొలి పరీక్షలో, ఐదు రోజుల ప్రత్యేక ఫిజియోథెరపీ పొందినవారిలో 72 శాతం మంది ఆరు నెలల తరువాత మెరుగయ్యామన్నారు. సాధారణ ఫిజియోథెరపీ పొందినవారిలో 18 శాతమే. అయితే 355 మందితో జరిగి, 2024లో వెలువడిన పెద్ద పరీక్షలో, ఏడాది తరువాత శారీరక సామర్థ్యపు కొలమానంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని తమ చలన లక్షణాలు మెరుగయ్యాయన్నవారు ప్రత్యేక చికిత్స పొందిన వర్గంలోనే ఎక్కువ. కనుక ఇది సర్వరోగ నివారిణి అని నేననను. అందరికీ ఒకే ఫలితం రాదు. మానసిక చికిత్స అవసరమైనవారూ ఉన్నారు. అయితే ఆ కారణం చూపి రోగిని చికిత్సే లేకుండా ఇంటికి పంపే హక్కు ఎవరికీ లేదు.

ఒక హెచ్చరిక. హఠాత్తుగా కాలు చేయి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతమనే భావించి తక్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి. క్రియాత్మక రుగ్మత అని తేల్చవలసినది నాడీవైద్య నిపుణులే.

అలా తేలిన తరువాత మీరు మౌనంగా వెనుదిరగకండి. "ఏ చిహ్నాన్ని బట్టి నిర్ధారించారు? నాకు చూపండి" అని వైద్యుని అడగండి. "నాకు నడక మళ్ళీ నేర్పుతారా, కరెంటు మాత్రమే పెడతారా?" అని ఫిజియోథెరపిస్టును అడగండి. ఇక ఇంటివారికి ఒక్క విన్నపం: నమ్మండి. నటిస్తున్నావన్న నింద మోస్తూ ఎవరూ నడక నేర్చుకోలేరు.