కోట గుమ్మం అందరికీ తెరిచి ఉండాలి



మా తాత గద్వాలలో మూటలు మోసిన మనిషి. కోట గోడ నీడన కూర్చున్నాడే గానీ గుమ్మం ఏనాడూ దాటలేదు. నేను ఆ కోటలోనే పెట్టిన ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ చదివాను. మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి నేనే.

ఆ కోట గోడలు నేడు కూలుతున్నాయి. "రాజుల కోట మనకెందుకు? పోతే పోనీ" అని మనవాళ్ళే కొందరంటారు. ఆ కోపం నాకు తెలుసు. కానీ 17వ శతాబ్దంలో అక్కడ మట్టి మోసిందీ, రాయి ఎత్తిందీ మనలాంటి కూలి జనమే కదా! ఆ కోట చుట్టూనే ఊరు పెరిగింది. కోట పాడుబడితే ఊరి నడిబొడ్డే పాడుబడుతుంది.

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. గద్వాలకూ అది సాధ్యమే. అయితే సిమెంటు పూసి చేతులు దులుపుకోకూడదు. సిమెంటు పాత గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు, గోడ లోలోపలే చెడుతుంది. రాతి, ఇటుక కట్టడాలకు డంగు సున్నమే వాడాలి. ఆ పని మన ఊరి మేస్త్రీలకు నేర్పితే కూలి డబ్బులు ఊళ్ళోనే ఉంటాయి. లోపల గద్వాల చీరలు నేసేవారికి అంగళ్ళు, పేద పిల్లలకు గ్రంథాలయం పెట్టాలి.

కోటను హోటలు చేసి, మనల్ని మళ్ళీ బయట నిలబెట్టే బాగుచేత మాత్రం వద్దు. మా తాత దాటని గుమ్మం నేను దాటాను. నా తర్వాతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అది మూసుకుపోకూడదు.